ఓ కొమ్మ ఇస్తారా?

కాగితం పూలంటే మన ఆడవాళ్ళకి పెద్ద గౌరవం లేదు. దేవుడికి పనికిరావు. జడలోకి పనికిరావు. వాసన చూద్దామంటే లేనే లేదు. పేరంటానికొచ్చిన వాళ్ళ చేతిలో రెండు పూలు పెట్టి పంపుదామంటే, అవి పూలనిపించుకోవు. పైగా ముళ్ళొకటి. ముళ్ళచెట్టు వాకిట్లో ఉండకూడదని మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ సణుగుతూనే ఉండేవారు.

అయినా చూడండి, కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు గేటు పక్కన ముందుగా పాతేది దాన్నే. వైశాఖమాసపు ఎండలకి పెరట్లో సగం మొక్కలు తలలు వేలాడేసినప్పుడు, ఇదొక్కటే గోడంతా పరుచుకుని, నాకేం ఫరవాలేదన్నట్టు రాణిరంగులో వెలిగిపోతుంటుంది. నీళ్ళు పొయ్యకపోతే కోపం రాదు సరికదా, పోస్తేనే కోపం. ఎక్కువ నీళ్ళు తాగిన కాగితం పూలచెట్టు ఆకులు వేస్తుంది గానీ పూలు పుయ్యదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో రోడ్డు మధ్యన వరసగా నాటిన చెట్లకి నిత్యం నీళ్ళెవరు పోస్తారు చెప్పండి?

ఇంతకీ నేను చెప్పబోయేది ఆ చెట్టు ఓర్పు గురించి కాదు, దాని వంశం గురించి. ఎవరింట్లోనైనా మంచి రంగు కనిపిస్తే, "ఎక్కడ కొన్నారండీ?" అని అడగండి. సగంమంది కొన్నామనరు. "మా చెల్లెలు విశాఖపట్నం నుంచి తెచ్చింది" అంటారు. "మావారికి గుంటూరులో ఉద్యోగమైనప్పుడు పక్కింటావిడ ఓ కొమ్మ ఇచ్చింది" అంటారు. ఆ పక్కింటావిడకి వాళ్ళ ఒదినగారు, ఆ ఒదినగారికి కలెక్టరాఫీసు తోటమాలి. ఇలా తడిగుడ్డ చుట్టుకుని, రైల్లో టిఫిన్ కారియర్ పక్కన కూర్చుని ప్రయాణం చేసిన కొమ్మలే అన్నీ. ఆ వరస పట్టుకుని వెనక్కి, ఇంకా వెనక్కి వెళితే ఎక్కడ తేలుతామో తెలుసుకుందామని బుద్ధి పుట్టింది.

వెళ్ళబోయే ముందు ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి. విత్తనం నాటితే వచ్చేది చెట్టుకి బిడ్డ. బిడ్డకి తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత. కానీ కొమ్మ నాటితే వచ్చేది బిడ్డ కాదు, ఆ చెట్టే! అదే ప్రాణం, అదే రంగు, అదే గుణం. మా ఇంట్లో ఉన్నదీ, మీకిచ్చిన కొమ్మా, మీరు మీ ఆడపడుచుకిచ్చిన కొమ్మా, ఈ మూడూ మూడిళ్ళలో ఉన్న ఒకే చెట్టు. పెంచేవాళ్ళు పోతారు, ఇళ్ళు కూలగొట్టి అపార్టుమెంట్లు కడతారు, ఆ చెట్టు మాత్రం ఎక్కడో ఒక కుండీలో బతికే ఉంటుంది.

కాగితం పూలకి ఈ కొమ్మదారి తప్ప మరో మంచి దారి లేకపోయింది. మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు, రంగు వేసుకున్న ఆకు. మూడు రంగుటాకుల మధ్య, ఒక్కోదానికీ అంటుకుని, లేత పసుపు గొట్టంలాంటి బుల్లి పువ్వొకటి ఉంటుంది. అసలు పువ్వు అదీ. ఆ రంగు కూడా మందారానికీ గులాబీకీ ఉండే జాతి రంగు కాదు, బీట్‌రూట్‌కీ ఎర్ర తోటకూరకీ ఉండే జాతి రంగు. మన సాయంత్రపు చంద్రకాంత పూలు దీనికి దగ్గర చుట్టాలు. పెరట్లో పాకే అటికమామిడి ఆకు కూడా ఆ కుటుంబమే. చంద్రకాంత మిరియాల్లాంటి గింజలు కుప్పలుగా రాలుస్తుంది గదా, ఈవిడ మాత్రం గింజ కట్టడంలో మహా పిసినారి. తన పుప్పొడి తనకే పడదు. తోటల్లో పేరున్న రకాలు చాలావాటికి గింజలు దాదాపు రావనే చెప్పాలి. అంచేత సముద్రాలు దాటి ఇంత దూరం వచ్చిందంటే మనుషుల చేతుల మీదుగానే వచ్చింది.

ఆ చేతుల్లో మొదటిది ఒక పనిమనిషి చెయ్యి.

1740లో ఫ్రాన్సు దేశంలో బర్గండీ ప్రాంతపు పల్లెటూళ్ళో, కూలీనాలీ చేసుకునే వాళ్ళింట్లో జాన్ బారే అనే ఆడపిల్ల పుట్టింది. ఫిలిబేర్ కమర్సన్ అనే వైద్యుడింట్లో పనికి కుదిరింది. ఆయనకి రోగుల కంటే మొక్కలంటే ప్రాణం. భార్య 1762లో పురిటి తర్వాత పోయింది. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన జాన్ క్రమంగా ఆయన మొక్కల పనిలోనూ చెయ్యేసింది. ఎండబెట్టడం, అట్టలకి కుట్టడం, చీటీలు రాసి వరసపెట్టడం. ఇద్దరి మధ్యా అంతకంటే దగ్గరితనం ఏర్పడిందనీ, ఊళ్ళో మాటలు పడలేక 1764లో పారిస్ చేరారనీ కాగితాలు చెబుతున్నాయి. ఆ రోజుల్లో అలాంటి కథలో మగవాడికి పేరు పోదు, ఆడదానికి మిగిలేది ఉండదు. అది ఏ దేశమైనా ఒకటే.

1766లో బూగన్‌విల్ అనే నౌకాధికారి ప్రపంచం చుట్టి రావడానికి రెండు ఓడలు సిద్ధం చేశాడు. ఆయన చిన్నప్పుడు గణితం మీద పుస్తకం రాసినవాడు, కెనడాలో యుద్ధం చేసినవాడు. మొక్కలతో ఆయనకేమీ సంబంధం లేదు. కొత్త దేశాల మొక్కలు సేకరించడానికి కమర్సన్‌ని పిలిచారు. సాయానికి ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు, జీతం రాజుగారిస్తారన్నారు. కానీ ఫ్రెంచి రాజుగారి ఓడల్లోకి ఆడమనిషిని ఎక్కించకూడదని చట్టం. ఎలా మరి?

ఓడ బయల్దేరే ముందు ఒక యువకుడు కమర్సన్ దగ్గరికొచ్చి, "అయ్యా, తమకి సహాయకుడు కావాలట గదా" అన్నాడు. ఒకరికొకరు కొత్తవాళ్ళల్లే మాట్లాడుకున్నారు. ఉద్యోగం ఇచ్చేశాడాయన. ఆ యువకుడే మన జాన్. ఫ్రెంచిలో ఆ ఆడపేరు చివరి రెండక్షరాలు చెరిపేస్తే చాలు, మగపేరైపోతుంది. రొమ్ముకి గట్టిగా గుడ్డకట్టు, వదులు చొక్కా, పంట్లాము. అంతే వేషం. 1767 ఫిబ్రవరిలో 'ఎత్వాల్' అనే ఓడలో ఎక్కింది. ఆ మాటకి నక్షత్రం అని అర్థం. కమర్సన్ సామాను ఎక్కువగా ఉందని కప్తాను తన గదే వాళ్ళిద్దరికీ ఇచ్చేశాడు. ఆ గదికి విడిగా మరుగు ఉండబట్టి ఆవిడ నెలల తరబడి నెగ్గుకొచ్చింది. వందమందికి పైగా మగవాళ్ళ మధ్య ఆ ఒక్క తలుపు గడియ మీదే ఆధారపడి బతకడమంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది జూన్‌లో బ్రెజిల్ దేశపు రియో ద జెనీరోలో ఓడలాగింది. ఆ రేవు దగ్గరే మన కాగితం పూల కొమ్మ మొదటిసారి యూరపువాళ్ళ మొక్కల పెట్టెలోకి చేరింది. కమర్సన్‌కి కాలి మీద పుండు లేచి నడవలేని స్థితి. అలాంటి సమయంలో కొండా గుట్టా ఎక్కి ముళ్ళల్లోంచి ఆ కొమ్మ కోసుకొచ్చింది జాన్ చెయ్యే అయ్యుంటుందని ఇప్పటి చరిత్రకారులు కొందరంటారు. కాదనడానికి నాకైతే కారణం కనిపించదు. ఆ తర్వాత మెజిల్లాన్ జలసంధి చలిలో, మంచులో, తిండి సంచీ, తుపాకీ, మొక్కలు నొక్కిపట్టే బరువైన చట్రాలూ అన్నీ భుజాన వేసుకుని తిరిగింది ఆవిడే. ఆ సంగతి బూగన్‌విల్ కూడా మెచ్చుకుంటూ రాసుకున్నాడు. కమర్సన్ మాత్రం తన బరువులు మోసే జంతువని హాస్యమాడేవాడట. ఏం హాస్యమో!

రహస్యం ఎప్పుడు బయటపడిందన్న విషయంలో ఓడలో డైరీలు రాసినవాళ్ళు తలా ఒక మాట చెప్పారు. బూగన్‌విల్ లెక్క ప్రకారం 1768 ఏప్రిల్‌లో తాహితీ దీవిలో. ఇన్నాళ్ళూ తోటి ఫ్రెంచివాళ్ళు లోపల్లోపల అనుమానపడటమే తప్ప తేల్చుకోలేకపోయారు. తాహితీవాళ్ళు ఒక్క చూపులో పోల్చుకున్నారట. ఆవిడ కన్నీళ్ళతో ఒప్పుకుందని రాశాడు ఆయన. శిక్ష వెయ్యలేదు. ఓడలు ఆ ఏడాది చివర్లో మారిషస్ చేరినప్పుడు కమర్సన్, జాన్ ఇద్దరూ అక్కడే దిగిపోయారు. ఆడమనిషిని ఓడలో తెచ్చాడన్న చిక్కు లేకుండా బూగన్‌విల్‌కీ పోయింది, మొక్కలకి పెట్టింది పేరైన దీవి వీళ్ళకీ దొరికింది.

మారిషస్ నుంచి మడగాస్కర్ కూడా వెళ్ళి మొక్కలు తెచ్చారు. 1773 మార్చిలో కమర్సన్ పోయాడు. పోయిన వారానికి, ఆ సంగతి తెలియక, పారిస్ సైన్సు అకాడమీవాళ్ళు ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకున్నారు! వేలకొద్దీ ఎండు మొక్కలు పెట్టెలకెక్కి పారిస్ వెళ్ళిపోయాయి. దేశం కాని దేశంలో ఒంటరిగా మిగిలిన జాన్ పోర్ట్ లూయీ ఊళ్ళో పానశాల నడుపుకుంది. ఆదివారం ప్రార్థన వేళ సారా అమ్మిందని 50 లివ్రల జరిమానా కూడా కట్టింది. మరుసటి ఏడు ఒక సైనికుణ్ణి పెళ్ళాడి, అతనితో ఫ్రాన్సు చేరింది. అలా భూగోళం చుట్టి వచ్చిన మొదటి స్త్రీ అయింది. రేవులో దండ వేసినవాళ్ళెవరూ లేరు.

ఇక పెట్టెల్లో వెళ్ళిన మొక్క సంగతి. కమర్సన్ దానికి తన నాయకుడి పేరు పెట్టాడు. 1789లో జుస్య్యూ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పుస్తకంలోకి ఎక్కించాడు, అదీ తప్పు స్పెల్లింగుతో. ఆ స్పెల్లింగు దిద్దడానికి 1930లు రావలసివచ్చింది. మనం దాన్ని 'బోగన్‌విల్లా' అని నోటికి వీలుగా తిప్పుకున్నాం. ఫ్రెంచివాళ్ళే సరిగ్గా రాయలేని పేరు మనం సరిగ్గా పలకలేదని ఎవరైనా అంటే ఊరుకోకండి.

ఎండిన కొమ్మ పేరుకి పనికొస్తుంది గానీ పాతుకోడానికి పనికిరాదు. బతికున్న మొక్క సముద్రం దాటడం ఆ రోజుల్లో బ్రహ్మప్రళయం. ఉప్పుగాలి, మంచినీళ్ళ కరువు. నావికులు తాగే నీళ్ళే కొలిచి పోస్తుంటే మొక్కకెవరు పోస్తారు? లండన్‌లో వార్డ్ అనే డాక్టరుకి 1829లో ఒక చిత్రం కనిపించింది. పురుగు గూటిని మూతబెట్టిన గాజు సీసాలో ఉంచితే, అందులో మట్టిలోంచి చిన్న ఫెర్న్ మొక్క మొలిచి, నీళ్ళు పొయ్యకపోయినా బతికింది. లోపలి చెమ్మే మళ్ళీ మళ్ళీ చినుకై పడుతుంది. ఆ ఊహతో గాజు పెట్టెలు చేయించి 1833లో ఆస్ట్రేలియాకి మొక్కలు పంపితే పచ్చగా చేరాయి. ఆ తర్వాత ప్రపంచంలో ఏ మూల మొక్క ఏ మూలకైనా వెళ్ళడం మొదలైంది. తేయాకూ, రబ్బరూ అలా తిరిగినవే, మంచికో చెడ్డకో. మన కాగితం పూలతీగ యూరప్ గాజు ఇళ్ళలో కొన్నాళ్ళు చలికి ముడుచుకుని బతికి, 1860 ప్రాంతంలో కలకత్తా చేరింది. ఎండ కావలసిన ప్రాణం ఎండలో పడింది. ఇంకేం, పుట్టింటికొచ్చినట్టే విజృంభించింది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఊదారంగు బోగన్‌విల్లా కథ. ఎర్రరంగు కథ వేరు. అందులోనూ ఒక ఇల్లాలు ఉంది.

దక్షిణ అమెరికాలో కొలంబియా దేశపు రేవుపట్నం కార్తజీనా. 1910 ప్రాంతంలో ట్రినిడాడ్ దీవి నుంచి ఒకావిడ ఆ ఊరికి వెళ్ళింది. అక్కడొక చర్చి ఫాదరీ గారి తోటలో అదివరకెన్నడూ చూడని ముదురు ఎరుపు కాగితం పూలు కనిపించాయి. ఏం చేస్తుందో మీకు చెప్పాలా? మనమైతే ఏం చేస్తాం? కొమ్మలు తీసుకుంది. ట్రినిడాడ్ తెచ్చి నాటింది. ఆవిడ పేరు మిసెస్ బట్. ఆ కొమ్మల నుంచి వచ్చిన చెట్టు కొమ్మలు దీవులు దాటి, ఖండాలు దాటి, సింగపూర్ వచ్చి, మన దేశం వచ్చి, ఊరూరా పాకాయి. ఇవాళ 'మిసెస్ బట్' అనే పేరుతో ఎక్కడ కొమ్మ నాటినా అది ఆ ఫాదరీ గారి తోటలోని చెట్టే. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, ఆయన చెట్టు మన వీధిలో ఉంది.

తీరా శాస్త్రజ్ఞులు పరిశీలించి చూస్తే ఆ ఎర్రది కొత్త జాతి కాదు, రెండు జాతుల కలయిక. పెరూ దేశపు రకమూ, నున్నని ఆకుల బ్రెజిల్ రకమూ తమంతట తాము కలిసి, ఏదో అపురూపంగా కట్టిన గింజ మొలిచి ఆ తోటలో చెట్టయింది. సింగపూర్ వృక్షవనం అధిపతి హాల్టమ్, అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాండ్లీ కలిసి ఆ సంకరానికి 1944లో 'బట్టియానా' అని లాటిన్ పేరు ఖాయం చేశారు. ఆవిడ ఆ కొమ్మ తెచ్చుకోకపోయి ఉంటే, ఫాదరీ గారి తర్వాత వచ్చినవాళ్ళు ముళ్ళచెట్టని నరికించి ఉంటే, ఈ ఎరుపూ, దీన్నుంచి పుట్టిన నారింజరంగులూ మనం చూసి ఉండేవాళ్ళం కాదు.

దీన్నుంచి పుట్టడమేమిటి, కొమ్మ నాటితే అదే చెట్టని చెప్పానుగా అంటారేమో. అక్కడే ఉంది తమాషా. ఒక్కోసారి చెట్టంతా ఎర్రగా పూస్తూండగా ఏదో ఒక్క కొమ్మ మాత్రం ఎదురు తిరుగుతుంది. మొగ్గలో ఒక కణం లోపల ఏదో మారుతుంది, దాన్నుంచి పెరిగిన కొమ్మంతా వేరే రంగు పూస్తుంది. ఇంట్లో అందరూ ఉప్పుగా వండుకు తింటుంటే ఒక్క పిల్ల చప్పిడి తింటానన్నట్టు. ఆ కొమ్మని వేళకి చూసి, కోసి, విడిగా నాటినవాళ్ళుంటే కొత్తరకం నిలుస్తుంది. చూడకపోతే ఎండిపోయి రాలిపోతుంది, అంతే. కాగితం పూలలో ఈ బుద్ధి మరీ ఎక్కువ. అందుకే వాటి చరిత్రలో ప్రయోగశాలల కంటే, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని పొద్దున్నే చెట్టు చుట్టూ తిరిగే అలవాటున్నవాళ్ళు ఎక్కువ పని చేశారని నా అభిప్రాయం.

అలా దొరికినవాటిలో మన దేశానికి గొప్ప పేరు తెచ్చింది 'మేరీ పామర్'. 1949లో కలకత్తాలో ఇలాగే ఒక కొమ్మ మారి పుట్టింది. ఒకే చెట్టుకి తెల్లపూలూ, రాణిరంగు పూలూ కూడా. ఒక్కోసారి ఒకే గుత్తిలో రెండూ. ఈ చెట్టు నుంచి తర్వాత లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవాళ్ళు పూర్తిగా తెల్లగా పూసే కొమ్మని వేరుచేసి నిలబెట్టారు. దానికి 'శుభ్ర' అని పేరు. నాకు ఆ పేరు విన్నప్పుడల్లా ఉతికి గంజిపెట్టి ఆరేసిన తెల్లచీర గుర్తొస్తుంది. మేరీ పామర్ నుంచే ఆకులమీద పసుపు మచ్చలుండే 'తిమ్మ' వచ్చింది. అదీ రెండు రంగులే పూస్తుంది. మీ ఇంట్లో మేరీ పామర్ ఉండి, ఎవరైనా కొమ్మ అడిగితే, రెండు రంగులూ పూసే కొమ్మ చూసి ఇవ్వండి. తెల్లకొమ్మ ఒక్కటే ఇస్తే, "మీ చెట్టులా పుయ్యలేదేమండీ" అని నిష్ఠూరాలొస్తాయి.

కొమ్మ ఇవ్వడం సరే, బతికించడం ఎలా అన్నది కూడా చెప్పేస్తాను. తొలకరి పడి వాతావరణం చల్లబడ్డాక ఆషాఢ శ్రావణాలు మంచివి. లేత కొమ్మ కుళ్ళిపోతుంది, మరీ మొద్దుకొమ్మ మొండికేస్తుంది. పెన్సిలంత లావు, గట్టిపడిన కొమ్మ, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పొడవు చాలు. పూసి అయిపోయిన కొమ్మయితే మేలు. కింద కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగానూ, పైన తిన్నగానూ కొయ్యండి. ఇదేదో అందానికి కాదు, ఏది తలో ఏది కాలో తర్వాత మర్చిపోకుండా. కొమ్మకి తన కిందేదో పైనేదో ఎప్పటికీ గుర్తే, తలకిందులుగా గుచ్చితే మనమే నష్టపోతాం. ఆకులు తుంచెయ్యాలి. కణుపులు రెండైనా మట్టిలో ఉండాలి. మట్టి అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి. ఎరువు అప్పుడే వద్దు, వేళ్ళులేని దానికి విందుభోజనం ఎందుకు? నీడలో పెట్టి తడి ఆరకుండా చూస్తే చాలు, నీళ్ళు నిలవకూడదు.

రెండు మూడు వారాలకి చిగురు కనిపిస్తుంది. కనిపించగానే బతికిందనుకోకండి. అది కొమ్మలో దాచుకున్న తిండితో వేసిన చిగురు. వేళ్ళు తర్వాతెప్పుడో వస్తాయి, నెలా, నెలన్నరా, కొన్నిటికి రెండు నెలలూ పడుతుంది. మా పక్కింటి ఏడేళ్ళ పిల్ల వేళ్ళొచ్చాయో లేదోనని రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి పీకి చూసేది! పీకకూడదు. వేళ్ళొచ్చాక కూడా కుండీ మార్చేటప్పుడు మట్టిముద్ద చెదరనివ్వకండి. ఈ మొండిచెట్టుకి వేళ్ళు మాత్రం పాపాయి వేళ్ళంత సున్నితం, పుటుక్కున తెగిపోతాయి. ముద్ద మందంగా పూసే రకాలూ, మేరీ పామర్, మచ్చల ఆకులవీ కొమ్మకి తేలిగ్గా లొంగవు. వాటికి అంటు తొక్కడమో, అంటు కట్టడమో దారి. కడియం నర్సరీలవాళ్ళని అడిగితే ఒకే మొద్దుకి నాలుగు రంగులు అంటుకట్టి మరీ ఇస్తారు. చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంటుంది. నాకు మాత్రం ఒక చెట్టుకి ఒక రంగే ఇష్టం.

మొక్కల దుకాణాల్లో వేళ్ళు తెప్పించే పొడి అమ్ముతారు. కొమ్మ కింది కొసని అందులో అద్ది నాటితే మొండివి కూడా కొంత దారికొస్తాయి. దాని వెనకా పెద్ద కథే ఉంది. మొక్క కొసలో తయారై కిందికి దిగే పదార్థమొకటి వేళ్ళు పుట్టిస్తుందని శాస్త్రజ్ఞులు 1930లలో తేల్చారు. దాన్ని పోలినదాన్ని అమెరికాలో చేసి పొడిలో కలిపారు. కొమ్మ ఎందుకు తలకిందులుగా వేరు వెయ్యదో అప్పటిగ్గానీ అర్థం కాలేదు, ఆ పదార్థం ఎప్పుడూ కొస నుంచి మొదలు వైపే నడుస్తుంది మరి.

ఇన్ని కొమ్మలు ఇన్నిచోట్ల తిరిగాక పేర్లలో గందరగోళం రాకుండా ఉంటుందా? ఒకే చెట్టుకి ఒక ఊళ్ళో ఒక పేరు, ఇంకో ఊళ్ళో ఇంకోటి. 'మిసెస్ బట్'నే 'క్రిమ్సన్ లేక్' అనేవాళ్ళున్నారు. ఈ చిక్కు తీర్చడానికి ప్రపంచం మొత్తంమీద బోగన్‌విల్లా పేర్లు నమోదు చేసే బాధ్యత 1966లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకి వచ్చింది. బ్రెజిల్‌లో పుట్టి, ఫ్రెంచి పేరు పెట్టుకున్న చెట్టు పుట్టుకల రిజిస్టరు మన దగ్గరుందన్న మాట! ఆ సంస్థకి చాలాకాలం అధిపతిగా ఉన్న బి.పి. పాల్ గారు గోధుమ శాస్త్రజ్ఞుడు. మన రొట్టె కోసం తెగుళ్ళకి తట్టుకునే గోధుమలు తయారుచేసిన మనిషి, తీరిక వేళల్లో గులాబీలూ, కాగితం పూలూ పెంచి, వాటిమీద పుస్తకాలు కూడా రాశారు.

ఆ రకాల పట్టిక చదువుతుంటే నాకు పెళ్ళి శుభలేఖ వెనక బంధువుల పేర్లు చదివినట్టుంటుంది. మిసెస్ బట్, మిసెస్ హెచ్.సి. బక్, మేరీ పామర్, లేడీ మేరీ బేరింగ్, బేగం సికందర్. ఎందరు ఆడవాళ్ళో! కాకపోతే చాలామందికి సొంత పేరు లేదు, ఫలానావారి భార్య అన్న పేరే. కార్తజీనాలో ఆ కొమ్మ అడిగి తీసుకున్నావిణ్ణి వాళ్ళమ్మ ఏమని పిలిచేదో చీటీ మీద ఉండదు.

అసలు కొమ్మ మోసిన జాన్ బారే పేరు ఏమైందంటారా? కమర్సన్ మడగాస్కర్‌లో ఉండగా ఒక మొక్కకి ఆవిడ పేరు పెట్టాలని కాగితం మీద రాసుకున్నాడు. ఒకే చెట్టుమీద ఆకులు రకరకాల ఆకారాల్లో ఉంటాయట దానికి. మగవేషంలో తిరిగిన మనిషికి తగినదనుకున్నాడు. ఆ పేరు నిలవలేదు. మన వేపచెట్టు కుటుంబంలో చేరిన ఆ మొక్కలు వేరే పేరుతో పుస్తకాలకెక్కాయి. కమర్సన్ పేరు మీద మాత్రం డెబ్భైకి పైగా జాతులున్నాయి.

ఓడకెక్కబోయే ముందు కమర్సన్ వీలునామాలో ఆవిడకి 600 లివ్రలూ, పారిస్ ఇంట్లోని సామానూ రాశాడు. అది తిరిగొచ్చాక చేతికందింది. 1785లో ఫ్రెంచి నౌకాశాఖ ఆవిడ ధైర్యాన్నీ కష్టాన్నీ మెచ్చుకుంటూ, చట్టం తప్పి ఓడ ఎక్కిన సంగతి చూసీచూడనట్టు వదిలేసి, ఏడాదికి 200 లివ్రల పింఛను మంజూరు చేసింది. 1807 ఆగస్టులో, అరవయ్యేడేళ్ళ వయసులో భర్త ఊరి దగ్గర పోయింది.

2012లో అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు ఈక్వడార్, పెరూ కొండల్లో దొరికిన ఒక తీగకి 'సొలానమ్ బారెటియే' అని పేరు పెట్టారు. దాని ఆకులూ రకరకాల ఆకారాల్లోనే ఉంటాయి. అది మన వంకాయ, బంగాళాదుంపల కుటుంబం. పువ్వు ఊదారంగులోనో తెల్లగానో పసుపుగానో పూస్తుందట.